వేరుశనగ చేలో కంది సాలు – కరువులో రైతుకు దన్ను

అనంతపురం: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ వరుసగా కురవదు. జూన్‌లో ఆశపెట్టి, ఆగస్టులో మొగం చాటేస్తుంది. ఎర్ర నేలల్లో మట్టి లోతు తక్కువ కనుక రెండు వారాలు చినుకు లేకపోతే చేను వాడిపోతుంది. ఇటువంటి నేలలో రైతు ఏళ్ల తరబడి ఒక్క వేరుశనగనే నమ్ముకున్నాడు.

పూర్వం ఈ చేలల్లో జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక, ఉలవ, ఆముదం పండేవి. నూనెగింజలకు ధర పలకడంతో వేరుశనగ వాటిని వెనక్కి నెట్టింది. చేతికి రొక్కం, పశువులకు కట్టె ఇచ్చే పంటను రైతు పట్టుకోవడంలో తప్పు లేదు. అయితే ఊరి చేలన్నిటా ఒకేసారి ఊడలు దిగుతాయి. ఆ సమయంలో వాన తప్పితే ఊరంతా ఒకేసారి నష్టపోతుంది. ఎకరాకు యాభై, అరవై కిలోల గింజలు అప్పు చేసి కొన్న రైతుకు విత్తనం కూడా తిరిగి రాదు.

2000 నాటి దెబ్బ

ఒకే పంటకు తెగులు భయమూ ఎక్కువే. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు ఉమ్మడి జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసింది. వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో ఉండే వైరస్‌ను తామర పురుగులు పైరుకు చేర్చాయి. ఈ కలుపును పూతకు ముందే పీకేయాలని, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ వేయాలని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఏడు సాళ్లకు ఒకటి

వేరుశనగ మానుకోనక్కర లేదు. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేస్తే చాలు. వేరుశనగ సుమారు 110 రోజులకు చేతికొస్తుంది. కంది ఆపైన కూడా చేలో నిలిచి, లోతుకు దిగిన వేళ్లతో అక్టోబరు వానను అందుకుంటుంది. మొదటి పంట పోయినా కొంత పెట్టుబడి కంది తెచ్చిపెడుతుంది. రాలిన ఆకు చేనుకు ఎరువు, కందికట్టె పొయ్యికి వంటచెరకు.

జూలై ఆఖరుకూ పదును కాకపోతే వేరుశనగకు పెట్టుబడి పెట్టడం సాహసమే. అప్పుడు కొర్ర, అలసంద మేలు. కొర్రకు ఎకరాకు రెండు కిలోల విత్తనం సరిపోతుంది, మూడు నెలల్లో కోతకొస్తుంది. సెప్టెంబరులో వాన పడితే ఉలవ చల్లుకోవచ్చు.

చిక్కులూ ఉన్నాయి

కొర్ర దంచే మిల్లు దగ్గరలో లేకపోతే ఇబ్బందే. కందికి కాయతొలుచు పురుగు బెడద ఉంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు పశువులది. వేరుశనగ పీకగానే ఊరి మందలను చేలల్లోకి వదులుతారు. ఒక్క రైతు చేలో నిలిచిన కంది వాటి పాలవుతుంది. అందుకే చాలామంది కంది సాలు జోలికి పోరు.

కంది కోసేదాకా మందలను ఆపాలని ఊరి పెద్దలు, కాపరులు విత్తనానికి ముందే కూర్చుని ఒక మాట అనుకోవాలి. మందకు వేరే మేత చోటు కూడా అప్పుడే చూపాలి. ఆ ఒక్క కట్టుబాటు ఉంటే కంది సాలు రైతు ఇంటికి చేరుతుంది.