గురువులకే కొత్త పాఠాలు

చొక్కా గుండీ పెట్టుకోవడం ఎవరైనా పాఠంగా చదువుకుంటారా అని మీరు నవ్వవచ్చు. మన పిల్లలు నాలుగు రోజులు అమ్మను చూసి తామే నేర్చుకుంటారు. కాని బుద్ధి నెమ్మదిగా వికసించే పిల్లవాడికి అది ఎన్నో వారాల పాఠం. ఆ పాఠం చెప్పడానికి ఓర్పు ఒక్కటే చాలదు, పద్ధతి తెలియాలి.

ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఏం చేస్తుందో చూడండి. గుండీని వేళ్ళతో పట్టుకోవడం, కాజా దగ్గరకు తేవడం, సగం దూర్చడం, అవతలి వైపునుంచి లాగడం అంటూ పనిని మెట్లు మెట్లుగా విడగొడుతుంది. మొదటి మూడూ తాను చేసి, ఆఖరి లాగుడు పిల్లవాడికి వదులుతుంది. పని ముగించినవాడు తానే కదా, వాడి ముఖం వెలిగిపోతుంది! తరువాత చివరి రెండు మెట్లూ వాడివే. అలా వెనకనుంచి ముందుకు వస్తారు.

ఇటువంటి విద్య నేర్పే కోర్సే ప్రత్యేక విద్యలో బి. ఇడి. ఈ కోర్సుల ప్రమాణాలను నిర్ణయించేది భారత పునరావాస మండలి. 1992 నాటి చట్టం దానికి ఆ అధికారం ఇచ్చింది.

బడి మారింది

ఒకప్పుడు చెవిటి పిల్లలకు ఒక బడి, చూపులేని పిల్లలకు మరొక బడి. టీచరు కూడా తన బడికి తగిన ఒక్క విద్యలో ఆరితేరితే సరిపోయేది. ఇప్పుడా పిల్లలు మన పిల్లల పక్కనే, మామూలు బడి బెంచీమీద కూర్చుంటున్నారు. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజమూ, అక్షరాలు తారుమారయ్యే చదువు ఇబ్బందీ అందులో చేరాయి.

ఒక తరగతిని ఊహించుకోండి. మాస్టారు నల్లబల్లవైపు తిరిగి మాట్లాడితే, పెదవుల కదలిక చూసి గ్రహించే చెవిటి అమ్మాయికి పాఠం పోయింది. సరే అని పిల్లలవైపు తిరిగి, "ఇదిగో, ఈ గీత చూడండి" అని బల్లమీద వేలుపెట్టి ఊరుకుంటే చూపులేని అబ్బాయికి పోయింది. ఒక్కరి అవసరమే తెలిసిన గురువు రెండోవారికి అన్యాయం చేయక తప్పదు.

కోర్సూ మారింది

అందుకే 2015లో ఒక ఏడాది బి. ఇడి.ని రెండేళ్ళు చేశారు. వినికిడి, చూపు, మేధోవైకల్యం వంటి ఏదో ఒక శాఖలో ప్రావీణ్యం ఉండాలన్నది అలాగే ఉంది. దానితోపాటు మిగిలిన వైకల్యాల పరిచయం, మామూలు బడులలో సాధన కూడా చేర్చారు. మన సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ మేధోవైకల్యం గల పిల్లల కోసం ఇటువంటి ఉపాధ్యాయులను తయారు చేస్తోంది.

అయితే రెండేళ్ళయినంత మాత్రాన సరిపోతుందా? రికార్డు పుస్తకం అందంగా నింపి మార్కులు తెచ్చుకోవచ్చు. పిల్లవాడు గుండీ వదిలేసి ఏడ్చినప్పుడు ఏ మెట్టు మార్చాలో మాత్రం పుస్తకం చెప్పదు. ఆ పిల్లవాడి పక్కన రోజూ కూర్చుంటేనే తెలుస్తుంది. కోర్సులో పెంచిన కాలం అక్కడ ఖర్చుకావాలి.

చదివి వచ్చినవారికి బడిలో చోటూ ఉండాలి. ప్రాథమిక తరగతులలో ఇటువంటి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మీ పిల్లల బడిలో అటువంటివారు ఉన్నారా? ఈసారి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరుగారిని అడగండి. మీ బిడ్డకు అవసరం లేకపోవచ్చు. పక్క బెంచీ బిడ్డకు ఉండవచ్చు.

ఇంట్లో అటువంటి బిడ్డ ఉన్న తల్లులకు ఒక్క మాట. బడికి ఆలస్యమవుతోందని గుండీలన్నీ మీరే పెట్టేయకండి. ఆఖరిదొక్కటి వాడికి వదలండి.