పసుపునేలలో పలు బ్రతుకుదెరువులు

పసుపు తొమ్మిదినెలల పంట. తొలకరికి దుంప నాటిన రైతు మాఘ ఫాల్గుణములవరకు దానిని కనిపెట్టుకొని యుండవలెను. త్రవ్విన పిమ్మటను పని తీరదు. దుంపను ఉడుకబెట్టి, కళ్లమున పది పదునైదు దినము లెండబెట్టి, మెరుగుపెట్టినగాని కొమ్ము మార్కెట్టుకు పోదు. ఇన్ని ఋతువులకు లోబడిన పంటలు అరుదు. వానలు వేళకు కురిసి వేళకు నిలిచినచో నిది సిరులపంటయే. ఆ వేళయే తప్పుచున్న యీ దినములలో దీనినే నమ్ముకొనిన ఆర్మూరు ప్రాంతపు కుటుంబముల గతి యేమి?

వేళ తప్పుట యనగా నేమో 2023 సంవత్సరము చూపినది. ఆ జూలై చివరివారమున ఆర్మూరునకు పొరుగుననున్న వేల్పూరులో ఒక్క దినమున 46 సెంటీమీటర్ల వాన కురిసెను. ఈ జిల్లాలో సంవత్సరమంతటికి కురియవలసిన వానలో నది సగమునకు కొంచెమే తక్కువ. ఆ వెనువెంటనే వచ్చిన ఆగస్టు దేశమున 1901 తరువాత నెన్నడు నెఱుగనంత పొడి మాసమయ్యెను. అంతకు పూర్వము 2015, 2016 సంవత్సరములలో శ్రీరాంసాగరు జలాశయము అడుగంటిన సంగతి పాఠకులు మరచియుండరు. నీరు నిలిచిన పసుపునకు దుంపకుళ్లు తగులును. నీరు లేనిచో దుంప ఊరదు. కళ్లమున నెండుచున్నప్పుడు అకాలవర్షము పడినచో రంగు చెడి ధర తగ్గును. ఈ మూడు గండములను దాటినవాడే పసుపు రైతు.

ఇక్కడి రైతు దీనిని గ్రహింపని అమాయకుడు కాడు. పసుపునడుమ మొక్కజొన్న వేయుట ఈ ప్రాంతమున చిరకాలముగా నున్న పద్ధతి. లేతపసుపునకు నీడ నిచ్చుచు, దుంప ఊరకమునుపే చేతికివచ్చి నడుమ ఖర్చులకు ఆదుకొనును. తొమ్మిది మాసములకు బదులు ఆఱు మాసములలో వచ్చు ‘ప్రగతి’వంటి రకములు నేడు లభించుచున్నవి, పొలము ముందుగా తెరిపి యగుటచే మఱొక పంటకు వీలగును. పొరుగున కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనాస్థాన మున్నది. రకములను మార్చి విత్తుట రైతునకు కష్టము కాదు. కష్టము వేఱొకచోట నున్నది. అది ఎఱ్ఱజొన్న కథలో తేటపడును.

యాసంగిలో వేయు ఎఱ్ఱజొన్న మనము తినునది కాదు. ఉత్తరాదివారు పశువుల మేతకై విత్తుకొను విత్తనమది. వర్తకులు విత్తనమిచ్చి, ఇంత ధరకు కొందుమని ముందుగా మాటయిచ్చి సాగుచేయింతురు. పసుపు పోయినను జొన్న మిగులునని రైతు ఆశపడెను. కాని మాటయిచ్చిన వర్తకుడు కొననిచో ఆ గింజను కొనువాడు మఱొకడు లేడు. 2008లో బకాయిలు చెల్లక రైతులు ఆర్మూరు వీధులకెక్కిరి. పోలీసు కాల్పులు జరిగెను. ఆ బాకీ తీరుటకు ఆఱేండ్లు పట్టినది. తీర్చినది వర్తకుడు కాదు, 2014లో నూతన తెలంగాణ ప్రభుత్వము, ప్రజల సొమ్ముతో. 2018లో మరల ధర పడిపోగా ప్రభుత్వమే క్వింటాలు 2,300 రూపాయలకు కొనవలసివచ్చెను. పంటలు రెండైనవి గాని, రెండింటికిని ధర నిర్ణయించువాడు పరుడే. అట్టి రెండవ పంట ఆకాశము కోపించినప్పు డాదుకొనవచ్చును. అంగడి కోపించినప్పుడు మాత్రము తానును ముంచును.

దీనికి భిన్నమైన తార్కాణము ఆర్మూరునకు కూతవేటు దూరముననే యున్నది. అంకాపూరు రైతులును విత్తనములే పండించిరి. సంకరజొన్న, సజ్జ విత్తనములతో నారంభించి, విత్తనశుద్ధి యంత్రములను ఊరిలోనే నెలకొల్పుకొనిరి. పచ్చి మొక్కజొన్న కంకులను, కూరగాయలను తమ ఊరి అంగడిలోనే అమ్ముకొందురు. అమ్మువారిలో స్త్రీలే యెక్కువ. అదే కంకిని రహదారి ప్రక్కన నిప్పులమీద కాల్చి బాటసారుల కమ్ముచున్నారు; నాటుకోడి కూర వండి దూరప్రాంతములవారిని రప్పించుచున్నారు. హైదరాబాదునుండి వచ్చి తినిపోవువారు దీనిని వేడుకగా జెప్పుకొందురుగాని, ఇందలి అర్థశాస్త్రమును గమనించువారు తక్కువ. కంకి పండించుట, తూచుట, కాల్చుట, అమ్ముట నాలుగును ఒకే ఊరి చేతులలో నున్నవి. వాన చెడి కంకులు తగ్గినను, ఉన్నదాని లాభము ఊరు దాటి పోదు.

పొలము చాలని యిండ్ల సంగతి వేఱు. అచట తల్లియు కూతురును తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుదురు. తండ్రియో కొడుకో గల్ఫు దేశములకు బోవును. ఏ వానయు తడుపని రాబడులని వీనిని తేలికగా మెచ్చుకొనరాదు. బీడీకి ఆకు ఎంత తరుగు పోయినదో లెక్క కట్టువాడు టేకేదారు. గల్ఫుకు బోవువాడు తొలియేడంతయు దళారి కిచ్చిన అప్పు తీర్చుటకే పనిచేయును. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు పనులు పోయి తిరిగివచ్చినవా రెందఱో యీ తాలూకా పల్లెలకు దెలియును. అయినను ఈ ప్రాంతమున పెక్కు బోరుబావులు ఆ యెడారి సొమ్ముతోనే త్రవ్వబడిన వన్నది కాదనరాని నిజము.

ఇటీవల పలువురు పసుపు మాని వరికి మరలుచున్నారు. ఏలయన వరిని ప్రభుత్వము కనీస మద్దతు ధరకు కొనును. పసుపునకు అట్టి ధర నేటికిని లేదు. 2010లో క్వింటాలు పదునైదువేలు దాటిన పసుపు రెండేండ్లలో దానిలో మూడవవంతునకు జారెను; 2024లో పదునెనిమిదివేలు దాటెను. ఇట్టి యుయ్యాలపై సంసార మెట్లు నడచును? 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదునుండి నిలిచిన 185 మంది అభ్యర్థులలో 170 మందికి పైగా రైతులే యగుటకు కారణ మీ యావేదనయే. వారడిగిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదున ప్రారంభమైనది. బోర్డు వచ్చినంతమాత్రమున కళ్లమున తడియుచున్న కొమ్ము ఎండదు. మండలమునకు కొన్ని కప్పుగల ఎండబెట్టు చోట్లు, పొడిచేయు మరలు, సరకు కుదువబెట్టి అప్పు పొందదగిన గిడ్డంగులు రైతుసంఘముల చేతిలో నున్నచో, సాంగ్లికి లారీ కట్టవలసిన యవసరము సగము తగ్గును. అంకాపూరు కంకితో చేసినది పసుపుతో చేయరాదా?

ఇందు పట్టాదారులైన పాఠకులు ప్రభుత్వముకొఱకు వేచియుండనక్కఱలేని విషయ మొకటి కలదు. 2018లో వచ్చిన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చెందినది, కౌలుదారునకు చెందలేదు. దాని స్థానమున వచ్చిన రైతుభరోసాయు 2025 జనవరినుండి పట్టానే చూచి యిచ్చుచున్నది. దుంప కుళ్లినను కౌలు మాత్రము ముందుగా నిశ్చయించిన రొక్కమే. వేల్పూరువంటి వాన పడిన యేట నష్టమంతయు కౌలుదారుని నెత్తిన బడి, పరిహారము భూమి గలవాని ఖాతాలో పడుట యే ధర్మమో మనకు బోధపడదు. రాబోవు తొలకరికి కౌళ్లు మాటాడుకొనునప్పుడు, పంట పోయిన యేడు కౌలులో నింత తగ్గింతుమనియు, నడిమి మొక్కజొన్న పూర్తిగా కౌలుదారునిదే యనియు కాగితముపై వ్రాసియియ్యవచ్చును.