మన మెవరివారము?

పల్నాటి పల్లెలలో క్రొత్త బాలుడు కనబడినయెడల పెద్దలు ముందుగా వాని పేరడుగరు. "ఎవరబ్బాయివిరా?" అని యడుగుదురు. చదువుకొన్న పిల్లలు కొందఱు దీనిని మోటుప్రశ్న యని తలంతురు గాని, ఇందు గొప్ప యర్థ మిమిడియున్నది. "నే నెవడను?" అను ప్రశ్నకంటె "నే నెవరివాడను?" అను ప్రశ్న ముందుది. ఈ ప్రశ్నకు క్రైస్తవ విశ్వాస మిచ్చు ప్రత్యుత్తరమును ఇచ్చట వివరింప గోరుచున్నాము.

లోకము మనకు నేర్పిన ప్రత్యుత్తరములు కొన్ని కలవు. కులము, పొలము, ఉద్యోగము, మార్కులు అనునవి యందు ముఖ్యమైనవి. పరీక్షలో తప్పిన విద్యార్థి "నేను తప్పితిని" అనుటకు మారుగా "నేను పనికిరానివాడను" అనుకొనును. ఈ రెండు మాటల నడుమ నున్న యగాధములో పిల్లల ప్రాణములు సైతము పోవుచుండుట మన మెఱుగుదుము. మిర్చి ధర పడిపోయిన యేట తండ్రియు అట్లే తన బిడ్డల మొగము చూడ జంకును.

ఇవి యన్నియు మారునవి. మన చిరునామానే చూడుడు. 1953 అక్టోబరు 1కి ముందు మనది మద్రాసు రాష్ట్రము, నాడు ఆంధ్రరాష్ట్రమాయెను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఆయెను, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడెను. గడప దాటని ముదుసలికి సైతము ఇన్ని చిరునామాలు మారినవి! ఇక పౌరుషమందు మా? గురజాల మాచర్లల నడుమ కోడిపందెముతో ముదిరిన పంతము కారెంపూడి రణరంగమున నెట్లు ముగిసెనో మన కథలే చెప్పుచున్నవి.

పరిశుద్ధ గ్రంథమందు హోషేయ ప్రవక్త బిడ్డలలో ఒకతె లోరూహామా, ఒకడు లోఅమ్మీ. మొదటి పేరునకు జాలి పొందనిది యనియు, రెండవదానికి నా జనము కాదు అనియు అర్థము. ఇశ్రాయేలీయుల ద్రోహమునకు గుర్తుగా పెట్టబడిన పేరులవి. అయినను అదే ప్రవక్త నోట దేవుడు ఆ పేరులను త్రిప్పివేసెను. జాలి పొందనిది జాలి పొందెను. జనము కానివారు జనమైరి. ప్రజలు యోగ్యులైనందున గాదు, దేవుడు తన మాట తప్పనివాడైనందున ఇది జరిగెను.

దేవుని నమ్మకత్వమునకు హెబ్రీ భాషలో "ఎమూనా" అని పేరు. స్థిరముగా నిలుచుట దాని మూలార్థము. మనము ప్రార్థనాంతమున పలుకు "ఆమేన్" సైతము ఆ ధాతువునుండి పుట్టినదే. అమాలేకీయులతో యుద్ధము జరిగినప్పుడు, అహరోను హూరులు పట్టుకొన్న మోషే చేతులు సూర్యాస్తమయము వరకు స్థిరముగా నుండెనని చెప్పుచోట ఈ పదమే వాడబడెను. మోషే చేతులు బరువెక్కెను. వాటిని పట్టుకొన్న చేతులు వదలలేదు. మన విశ్వాసపు స్థితియు నిట్టిదే. మన పట్టు సడలినను, మనలను పట్టుకొన్నవాని పట్టు సడలదు.

మన ప్రాంతపు సంఘచరిత్ర ఇందుకు నిదర్శనము. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయరు దొరగారు 1849లో గురజాలకు వచ్చి సేవ చేసిరి. 1857లో అమెరికాకు మరలిపోయిరి. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము సాగెను. ఆ కాలపు విశ్వాసులలో అనేకులు ఊరి వెలుపలి వాడలవారు; ఎవరివాడవని యడిగిన, ఫలాని కామందుగారి పాలేరునని తప్ప చెప్పుకొన నేరనివారు. దొరగారే వారికి ఆధారమైనయెడల ఆయన వెళ్లిననాడే వారు చెదరిపోవలసినది. చెదరలేదు. 1869లో 76 ఏండ్ల ప్రాయమున హేయరుగారు మరల తెలుగుదేశమునకు వచ్చి, 1873లో స్వదేశమున కన్నుమూసిరి. సంఘము నిలిచెను, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘముగా రూపొందెను. సేవకులు వత్తురు, పోవుదురు, పిలిచినవాడు పోడు.

"దేవుడు విడువడని నమ్మినవారు సోమరులగుదురు గదా" అని కొంద ఱందురు. విచారించి చూడుడు. తండ్రి తన్ను ఇల్లు వెడలగొట్టడని యెఱిగిన బాలుడే మార్కుల కాగితమును దాచక చూపును. తప్పినచోట మరల చదువ మొదలుపెట్టును. భయపడువాడు దానిని చింపివేయును. విడువబడనని యెఱిగినవానికే నిజము చెప్పుటకును, లేచుటకును ధైర్యము కలుగును.

కావున విద్యార్థులారా, మార్కులు మీ పనిని కొలుచును గాని మిమ్మును కొలువజాలవు. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, దేవుని నమ్మకత్వమును గూర్చి పిల్లలు మొదట నేర్చుకొనునది మన ముఖములలోనే. ఫలితములు వెలువడు దినమున, తప్పిన బిడ్డను మందలింపకముందు అన్నమునకు పిలువుడు.