పది ఎలక్ట్రాన్లే కదా, మరి నియాన్ అట్లా, ఫ్లోరైడ్ ఇట్లా ఎందుకు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్న టెన్త్, ఇంటర్ పిల్లలకు ఈ ఎపిసోడ్ కొంచెం స్పెషల్. జడవాయువుల ఎలక్ట్రాన్ విన్యాసం అనగానే సగం మందికి నిద్ర వస్తది, నాకు తెలుసు. కానీ ఈ టాపిక్ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా బోరు నీళ్లలోనే ఉంది.

బేసిక్స్ త్వరగా చూసేద్దాం. నియాన్ పరమాణు సంఖ్య 10. కేంద్రకంలో 10 ప్రోటాన్లు, చుట్టూ 10 ఎలక్ట్రాన్లు. విన్యాసం 1ఎస్2 2ఎస్2 2పి6. బయటి కక్ష్యలో 8 నిండిపోయాయి కాబట్టి ఎవరితోనూ లావాదేవీలు లేవు. ఫ్లోరిన్‌కు ఉన్నవి 9, ఇంకొకటి తీసుకుని ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది. ఆక్సిజన్ రెండు తీసుకుంటుంది. సోడియం ఒకటి, మెగ్నీషియం రెండు, అల్యూమినియం మూడు వదిలేస్తాయి. అందరూ వచ్చి ఆగేది 10 దగ్గరే. వీటినే ఐసోఎలక్ట్రానిక్ అంటాం.

ఇక్కడ ఒక మంచి డౌట్ రావాలి. ఫ్లోరైడ్‌కు నియాన్ విన్యాసమే వచ్చింది కదా, మరి అది కూడా గమ్మున ఉండాలి కదా? మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల నడుములు ఎందుకు వంగిపోయాయి?

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్తా. కాన్ఫిగరేషన్ ఫైల్ ఒకటే, మెషీన్లు వేరు. ఎలక్ట్రాన్లు పదే అయినా, ఫ్లోరైడ్ కేంద్రకంలో ప్రోటాన్లు 9. అంటే ఒక మైనస్ చార్జ్ మిగిలింది. నియాన్‌కు ఆ చార్జ్ లేదు. "ఆక్టెట్ నిండితే ఇక రియాక్ట్ కాదు" అని బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు. ఎలక్ట్రాన్ల కోసం వెతుకులాట ఆగుతుంది, అంతే. ప్లస్ చార్జ్ కనబడితే లాక్కోవడం ఆగదు.

మన ఎముకల్లో, పళ్లలో కాల్షియం, ఫాస్ఫేట్‌తో పాటు హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. హైడ్రాక్సైడ్‌ను లెక్కపెట్టండి: ఆక్సిజన్‌వి 8, హైడ్రోజన్‌ది 1, మైనస్ చార్జ్‌ది 1. మళ్లీ పదే! చార్జ్ ఒకటే, సైజు దాదాపు ఒకటే. అందుకే ఫ్లోరైడ్ వెళ్లి దాని సీట్లో కూర్చుంటుంది. ఏళ్ల తరబడి అట్లా చేరితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముక గట్టిగా కనిపించినా పెళుసవుతుంది.

ఈ ఫ్లోరైడ్ భూమిలోని గ్రానైట్ రాళ్ల నుంచే వస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, కోదాడ వైపు కంటే, బోర్ల మీదే బతికిన పడమటి మండలాల్లో సమస్య ఎక్కువగా ముదిరింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పార్ట్. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసిన ఒక పద్ధతికి మన జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, తేరుకోనిచ్చి, వడకడతారు. పటికలో ఉన్నది అల్యూమినియం అయాన్. దానివీ 10 ఎలక్ట్రాన్లే, కానీ ప్రోటాన్లు 13! మూడు ప్లస్ చార్జ్‌లు, చాలా చిన్న సైజు, గట్టి లాగుడు. అది నీళ్లలో జిగురు ముద్దలుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. నియాన్ విన్యాసం ఉన్న ఒక అయాన్‌ను, అదే విన్యాసం ఉన్న ఇంకో అయాన్‌తో పట్టేస్తున్నారన్నమాట. ఈ టెక్నిక్ టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. పటిక మోతాదు మాత్రం నీళ్లను టెస్ట్ చేయించాకే తేలుతుంది, ఇంట్లో అందాజాగా వేయకండి.

ఇంకో మాట. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేదు, ఆర్‌ఓ ఆపుతుంది.

ఎగ్జామ్‌కు వచ్చే ప్రశ్న కూడా ఇందులోనే ఉంది. ఎలక్ట్రాన్లు సమానమైతే, ప్రోటాన్లు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది: ఆక్సైడ్ పెద్దది, తర్వాత ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం, చివరికి అల్యూమినియం. ఇప్పుడు మీ వంతు. ఆర్గాన్ బ్యాచ్, 18 ఎలక్ట్రాన్లు: పొటాషియం, సల్ఫైడ్, కాల్షియం, క్లోరైడ్ అయాన్లు. ఆ కాల్షియం కోదాడ, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిలో ఉన్నదే. నాలుగింటినీ సైజు ప్రకారం పేర్చి పెట్టుకోండి, వచ్చే ఎపిసోడ్ అక్కడినుంచే మొదలుపెడదాం.