షవర్ మిక్సర్‌తో పాటు గోడలో పైపులూ మార్చాలా?

మా ఫ్లాట్ కట్టి పాతికేళ్లయింది. బాత్రూమ్ గోడలోని షవర్ మిక్సర్ కట్టేసినా చుక్కలు కారుతోంది. ప్లంబరేమో పైపులు కూడా మార్చాలంటున్నాడు. ఎందుకు?

చుక్కలు కారడమొక్కటే సమస్యైతే గోడ జోలికి వెళ్లక్కర్లేదు. పిడి ఊడదీసి, లోపలి స్పిండిలో కార్ట్రిడ్జో మారిస్తే సరిపోతుంది. ఆ మోడల్ విడిభాగాలు దొరకనప్పుడు, గోడకు చెమ్మ దిగినప్పుడు, పొద్దున్నే తుప్పునీళ్లు వస్తున్నప్పుడు మాత్రం ప్లంబరు మాట వినాల్సిందే.

ఆ కాలపు ఇళ్లలో ఎక్కువగా జీఐ పైపులే. లోపలి జింకు పూత అరిగాక ఇనుము తుప్పు పడుతుంది. వేడినీళ్ల లైనుకు ఈ జబ్బు ముందు వస్తుంది. బోరు నీళ్లయితే ఉప్పు కూడా పేరుకుంటుంది. అర అంగుళం పైపును కోసి చూస్తే ఒక్కోసారి పెన్సిల్ దూరే సందు కూడా ఉండదు. పైగా మర తీసిన చోట పైపు మందం తక్కువ. పాత మిక్సర్‌ను విప్పడానికి రెంచి బిగించి తిప్పితే ఆ బలమంతా అక్కడే పడి పైపు చిట్లుతుంది. కొత్త మిక్సర్ బిగించి టైల్స్ అతికించాక అది బయటపడితే మళ్లీ మేస్త్రీ, మళ్లీ టైల్స్. ఆ ఖర్చు ముందు పైపు ఖర్చు ఎంత?

ఏ పైపు వేయించాలి?

93 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునే సీపీవీసీ. మామూలు యూపీవీసీ వేడినీళ్లకు పనికిరాదు. మిక్సర్‌కు కలిపే చోట ఇత్తడి మర ఉన్న అడాప్టర్ వాడాలి. మరకు టెఫ్లాన్ టేపే చుట్టాలి, సాల్వెంట్ సిమెంటు పూయకూడదు.

మిక్సర్ కొనేముందు ఏం చూడాలి?

నీటి ఒత్తిడి. పది మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే వచ్చేది దాదాపు 1 బార్. పై అంతస్తువాళ్లకు ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటే 0.3 బారే. పెట్టెపై రాసిన కనీస ఒత్తిడి అంతకంటే ఎక్కువైతే, పంపు పెట్టించుకోకపోతే ఆ షవర్ సన్నగానే కారుతుంది. గోడ బయటే ఉండే వాల్ మిక్సర్ గురించి కూడా ఆలోచించండి. వేడి, చల్లనీళ్ల పాయింట్ల మధ్య 150 మిల్లీమీటర్ల దూరం ఉంచితే, రేపు మార్చాలన్నా గోడ పగలగొట్టే పనుండదు.

పని ఏ వరసలో జరగాలి?

గీజర్ కరెంటు ఆపి, వాల్వులు కట్టేసి, లైన్లలో నీళ్లు వదిలేయాలి. గాడి కొట్టేటప్పుడు పిల్లర్లు, బీముల జోలికి పోకూడదు. వేడినీళ్లు ఎడమకు, చల్లనీళ్లు కుడికి. మిక్సర్‌ను ఎంత లోతున కూర్చోబెట్టాలో దాని ప్లాస్టిక్ తొడుగు మీది గీతలే చెబుతాయి. టైల్, ప్లాస్టరింగ్ మందం కలుపుకొని లెక్క చూడాలి. మరీ లోపలికి పోతే పిడి అందదు, బయటికి వస్తే పై ప్లేటు గోడకు ఆనదు.

సాల్వెంట్ సిమెంటుతో పైపులు అతికించాక, డబ్బాపై రాసినంతసేపు ఆగి, నీళ్లు వదిలి పైపుల్లోని చెత్త కడిగేసి, కొసలకు ప్లగ్గులు బిగించాలి. చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి గేజి ముల్లు చూడండి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్టే. నిలకడగా ఉంటే, కొలత టేపును పక్కనే ఆనించి గాడిలో పైపుల ఫొటో తీసుకోండి. రేపు టవల్ రాడ్‌కు డ్రిల్ వేసేవాడికి అదే ఆధారం. ఇవి రెండూ అయ్యాకే సిమెంటు కలపమనండి.