లాప్‌టాప్ ఊరెళ్తోంది... ఫైళ్ల సంగతేంటి?

ఆగస్టులో శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తే అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లలు బారులు తీరి కనిపిస్తారు. పెట్టె 23 కిలోలు దాటకుండా ఇంట్లోనే రెండు మూడుసార్లు తూచి తెచ్చుకుంటారు. పచ్చళ్లు కారకుండా ప్యాకింగ్, మందులకు డాక్టరు చీటీ, పాస్‌పోర్టుకు నాలుగు జిరాక్సులు... అన్నీ పక్కా. వీపున ఉన్న లాప్‌టాప్‌కు మాత్రం ఒక్క కాపీ ఉండదు. బీటెక్ ప్రాజెక్టు, మార్కుల మెమోల స్కాన్లు, పదేళ్ల ఫొటోలు అన్నీ అందులోనే. అడిగితే, ‘అక్కడికెళ్లాక క్లౌడ్‌లో వేసుకుంటాలే’ అంటారు.

వెళ్లాక వేయడం అంత తేలిక కాదు. ప్రయాణంలో బ్యాకప్ అనేది ఇల్లు కదలకముందే ముప్పాతిక వంతు పూర్తి కావాల్సిన పని. నమ్మకపోతే లెక్క చూడండి. హోటళ్లవాళ్లు గొప్పగా చెప్పుకొనే వేగం డౌన్‌లోడ్‌ది. ఫైళ్లు పైకి పంపాలంటే కావాల్సింది అప్‌లోడ్. అది 5 ఎంబీపీఎస్ ఉందనుకుందాం. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, సెకనుకు వెళ్లేది 0.625 ఎంబీ. ఆ లెక్కన 100 జీబీ పైకి చేరడానికి 44 గంటలు పడుతుంది. మధ్యలో లైను ఒక్కసారి కూడా తెగకపోతేనే! ఫోన్ హాట్‌స్పాట్ పెడదామా అంటే రోజుకు 2 జీబీ ప్లానులో యాభై రోజులు, అదీ వాట్సాప్ ముట్టుకోకుండా. ఇంట్లో ఫైబర్ కనెక్షన్‌కు 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే ఇదే పని నాలుగున్నర గంటలే. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

మొదటి పెద్ద కాపీ ఇలా ఇంట్లో పూర్తయిందంటే దారిలో పంపాల్సింది ఏ రోజుకారోజు మారిన భాగమే. ఈ కిటుకును ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో ‘ఆర్‌సింక్’ అనే ప్రోగ్రాములో చేసి చూపించారు. ఫైలును ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వేలిముద్రలాంటి చిన్న సంఖ్య కడతారు. పాత కాపీ ఉన్న కంప్యూటరు ఆ సంఖ్యల జాబితా పంపుతుంది. ఇవతలి కంప్యూటరు తన ఫైలుతో సరిచూసి, తేడా వచ్చిన ముక్కల్ని మాత్రమే అటు తోస్తుంది. 400 ఎంబీ ఫైలులో నాలుగు పేజీలు దిద్దితే నాలుగు వందలూ మళ్లీ పంపనక్కర్లేదన్నమాట. డ్రాప్‌బాక్స్ అయినా, రెస్టిక్, బోర్గ్ లాంటి ఉచిత బ్యాకప్ ప్రోగ్రాములైనా వాడేది ఈ కోవ పద్ధతినే. టాలీలాంటి అకౌంట్ల ప్రోగ్రాములు వాడేవాళ్లు మాత్రం వాటిని మూసేశాకే బ్యాకప్ నడపాలి. తెరిచి ఉండగా తీసిన కాపీ సగం రాసిన లెక్కలతో మిగిలిపోవచ్చు.

ఈ సూత్రం పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర పనిచేయదు. ఉదయ్‌పూర్‌లో పెళ్లి. ఒక్కొక్కటి 30 ఎంబీ చొప్పున మూడు వేల రా ఫైళ్లంటే ఒక్కరోజులోనే 90 జీబీ, అన్నీ కొత్తవే. హోటల్ వైఫైతో కుస్తీ పడి లాభం లేదు. రెండు ఎస్ఎస్‌డీల్లో వేసి ఒకటి తన దగ్గర, ఇంకొకటి అసిస్టెంటు బ్యాగులో పెట్టడమే ఉత్తమం. ఆన్‌లైన్‌కు ఏరిన జేపెగ్‌లు చాలు. మొత్తం డేటా మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట ఉండాలన్న 3-2-1 సూత్రానికి ప్రచారం తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫొటోగ్రాఫరే. ఇంజినీరు కాదు.

వేరేచోట కాపీ ఎందుకో యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్‌కు 1998లో తెలిసొచ్చింది. ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లను ఎవరో పొరపాటున ఒక్క కమాండుతో తుడిచేశారు. బ్యాకప్ టేపులు తీస్తే అవి సరిగ్గా పనిచేయడమే లేదు. గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టరు అప్పట్లో పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తుండబట్టి, సినిమా కాపీ ఆవిడ ఇంటి కంప్యూటరులో దొరికింది. ఇంతా చేసి, ఆ తర్వాత కథ నచ్చక సినిమాలో చాలా భాగం మళ్లీ తీశారు లెండి!

‘నా ఫైళ్లన్నీ డ్రైవ్‌లో సింక్ అవుతున్నాయి’ అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మాట. సింక్ వేరు, బ్యాకప్ వేరు. లాప్‌టాప్‌లో ఫోల్డరు చెరిపేస్తే సింక్ బుద్ధిగా పైన కూడా చెరిపేస్తుంది. చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఇక అంతే. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లే పైకి వెళ్తాయి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై చేసింది ఆ తాళాలేయడమే. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. పాత తేదీల కాపీలు విడివిడిగా దాచేదే బ్యాకప్. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. అక్కడ గూగుల్ డ్రైవ్ మామూలుగా తెరుచుకోదు. బ్యాకప్‌కు వేరే ఏర్పాటు చూసుకునే విమానం ఎక్కాలి.

పోర్టబుల్ డిస్కు కొన్నవాళ్లు దాన్ని లాప్‌టాప్ పక్క అరలోనే దోపుతారు. బ్యాగు పోతే రెండూ పోతాయి. 2017 మార్చిలో దుబాయ్, దోహా, అబుధాబి సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్లే విమానాల క్యాబిన్‌లోకి లాప్‌టాప్‌లు రానివ్వలేదు. గల్ఫ్ మీదుగా వెళ్లే మనవాళ్లు కొన్ని నెలలపాటు వాటిని చెకిన్ లగేజీలో వేయాల్సొచ్చింది. డిస్కు జేబులో పట్టేంతే ఉంటుంది, జేబులోనే ఉండనివ్వండి. దానికి పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్షన్ పెట్టడం మాత్రం మరవొద్దు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఓటీపీ. పరాయి దేశంలో బ్యాగు పోయింది, ఫోనూ అందులోనే ఉంది. కొత్త లాప్‌టాప్ కొన్నారు. క్లౌడ్‌లో కాపీ భద్రంగా ఉంది. లాగిన్ అవబోతే ఓటీపీ ఇండియా నంబరుకు వెళ్లింది. ఆ సిమ్ దొంగ దగ్గర. డూప్లికేట్ సిమ్ కావాలంటే మీరే ఇక్కడికి రావాలంటారు. పాస్‌వర్డ్ మేనేజర్ తెరుద్దామంటే అదీ ఓటీపీ అడుగుతుంది. అన్నీ ఉండి ఏమీ లేనట్టే! దీనికి విరుగుడు కాగితం. గూగుల్ ఖాతా సెక్యూరిటీ సెట్టింగుల్లో బ్యాకప్ కోడ్‌లు అడిగితే ఎనిమిది అంకెలవి పది ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ప్రింటు తీసి ఒక ప్రతి పర్సులో, ఒకటి ఇంట్లో అక్క దగ్గర ఉంచండి. బయల్దేరే వారం ముందు వేరే కంప్యూటరులో లాగిన్ అయి, ఒక ఫైలు వెనక్కి తెచ్చుకుని తెరిచి చూడండి. పిక్సార్ టేపుల్ని ముందే ఎవరైనా ఇలా చూసి ఉంటే సుస్మన్ గారి ఇంటికి పరుగెత్తే పని ఉండేది కాదు.

నెలనెలా క్లౌడ్‌కు డబ్బు కట్టడం ఇష్టంలేనివాళ్లు ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కు 2 టీబీ డిస్కు తగిలించి బయటి నుంచే దానికి పంపుకుంటున్నారు. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు బోలెడు ఇళ్లకు కలిపి ఒకే ఐపీ అడ్రస్ ఇస్తాయి కాబట్టి నేరుగా ఇంటి కంప్యూటరును అందుకోవడం కుదరదు. టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాములు ఆ అడ్డు దాటిస్తాయి. ఇవన్నీ ఓ సాయంత్రం కూర్చుంటే అయ్యే పనులు. అసలు ఇబ్బంది రాత్రి పదింటికి, అమ్మ పడుకోబోతూ కరెంటు దండగని హాల్లో స్విచ్చులన్నీ కట్టేసినప్పుడు మొదలవుతుంది. కరెంటు రాగానే కంప్యూటరు దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు బయోస్‌లో ఉంటుంది, అది పెట్టుకోండి. దాంతోపాటు ఆ స్విచ్చు మీద టేపు అంటించి, ‘అమ్మా, ఇది మాత్రం కట్టొద్దు’ అని పెద్దక్షరాలతో రాసి మరీ వెళ్లండి.