ఉమ్మహ్

ఉమ్మహ్ అరబ్బీ భాషా పదం. 'సమాజం', 'జనసముదాయం' అని దీని అర్థం. దక్కనీ ఉర్దూలో 'ఉమ్మత్' అని వ్యవహరిస్తారు. ప్రపంచంలోని ముస్లింలందరూ జాతి, భాష, దేశ భేదాలు లేక ఒకే సోదర సమాజమనే భావనకు ఇస్లాం ఇచ్చిన పేరు ఇది. 2020 నాటికి ప్రపంచ ముస్లిం జనాభా సుమారు 200 కోట్లు, అనగా ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగవ వంతు. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో ముస్లింలు సుమారు 12.7 శాతం.

ఉమ్మహ్ కేవలం ఒక భావన కాదు. సంపన్నుని ఆస్తిలో పేదకు గల హక్కు, కూలివానికి యజమాని చెల్లించవలసిన వేతనం, బాటసారికి ఇవ్వవలసిన ఆశ్రయం వంటి నిర్దిష్టమైన బాధ్యతలు దీనిలో ఇమిడి ఉన్నవి. ఈ బాధ్యతలు ఎంతవరకు నెరవేరుచున్నవి అనుటయే ఉమ్మహ్ ఐక్యతకు అసలైన గీటురాయి.

ఖురాన్, హదీసులలో

'ఉమ్మహ్' పదం, దాని బహువచన రూపంతో కలిపి, ఖురాన్‌లో 60కి పైగా సార్లు వచ్చినది. అన్నిచోట్లా దీనికి ముస్లింలు అనే అర్థం లేదు. పూర్వ ప్రవక్తల జాతులకు, కొన్నిచోట్ల కేవలం ఒక గుంపుకు కూడా ఈ పదమే వాడబడినది. విశ్వాసులు పరస్పరం సోదరులని, సోదరుల మధ్య కలహం వచ్చినపుడు సంధి కుదర్చవలెనని 49వ సూరా (అల్-హుజురాత్) బోధిస్తుంది. అదే సూరాలో జాతులు, తెగలు ఏర్పడినది ఒకరినొకరు తెలుసుకొనుటకే గాని ఆధిక్యం చాటుకొనుటకు కాదని కూడా కలదు. చీలిపోవద్దనే హెచ్చరిక 3వ సూరాలో ఉన్నది.

విశ్వాసుల సమాజాన్ని ముహమ్మద్ ప్రవక్త ఒకే శరీరంతో పోల్చినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. ఒక అవయవానికి నొప్పి కలిగినచో శరీరమంతా నిద్రలేమితోనూ జ్వరంతోనూ స్పందిస్తుందని దీని భావం.

మదీనాలో తొలి సమాజం

క్రీ.శ. 622లో ప్రవక్త మక్కా నుండి మదీనాకు వలస (హిజ్రత్) వెళ్ళినపుడు ఆయన వెంట వచ్చిన ముహాజిర్లు ఇల్లూ వాకిలీ వదలి వచ్చినవారు. స్థానికులైన అన్సార్లలో ఒక్కొక్కరిని ఒక్కొక్క ముహాజిర్‌తో జతచేసి సోదర బంధం (మువాఖాత్) ఏర్పరచిరి. సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ దానిని స్వీకరింపక బజారుకు దారి చూపమని మాత్రమే కోరి, వ్యాపారం చేసి స్థిరపడ్డాడని హదీసు కథనం. ఇచ్చువాని ఔదార్యం, పుచ్చుకొనువాని ఆత్మగౌరవం రెండూ ఈ ఉదంతంలో కానవస్తాయి.

ఇదే కాలానికి చెందిన మదీనా ఒప్పందంలో అచటి యూద తెగలు కూడా విశ్వాసులతో కలసి ఒక ఉమ్మహ్‌గా పేర్కొనబడినవి. ఎవరి మతం వారిదే, నగర రక్షణ మాత్రం ఉమ్మడి బాధ్యత. కావున ఈ పదానికి తొలినాళ్ళలో ఒకే ఊరి పౌరసమాజమనే అర్థం కూడా ఉండేదని చరిత్రకారులు భావిస్తారు.

పరస్పర సహాయానికి ఏర్పాట్లు

* జకాత్: ఇస్లాం ఐదు మూలస్తంభాలలో ఒకటి. నిసాబ్ అనే కనీస పరిమితికి మించిన సంపద ఒక చాంద్రమాన సంవత్సరం నిలిచి ఉంటే దానిలో 2.5 శాతం విధిగా చెల్లించాలి. భారతదేశంలో నిసాబ్‌ను 7.5 తులాల బంగారం (సుమారు 87.5 గ్రాములు) లేక 52.5 తులాల వెండి (సుమారు 612 గ్రాములు)గా లెక్కిస్తారు.
* ఉష్ర్: పంటపై చెల్లించునది. వర్షాధార పంటకు పదవ వంతు, రైతు శ్రమించి నీరు పెట్టిన పంటకు ఇరవయ్యవ వంతు.
* ఫిత్రా: రంజాన్ పండుగ నమాజుకు ముందే పేదలకు ఇచ్చు దానం. పండుగనాడు ఎవరూ పస్తు ఉండరాదని దీని ఉద్దేశం.
* సదకా: ఐచ్ఛిక దానం. దీనికి పరిమితి లేదు. ఏ మతస్థునికైననూ ఇవ్వవచ్చు.
* వక్ఫ్: శాశ్వతంగా ధర్మకార్యానికి అంకితం చేసిన ఆస్తి.

జకాత్ పొందుటకు అర్హులైన ఎనిమిది వర్గాలను 9వ సూరా (అత్-తౌబా) పేర్కొన్నది. వీరిలో నిరుపేదలు, అప్పులలో కూరుకుపోయినవారు, బాటసారులు ముఖ్యులు. తన తల్లిదండ్రులకు, సంతానానికి జకాత్ ఇవ్వరాదు. వారిని పోషించుట ఎటూ విధి గనుక అది దానం కాజాలదు. పేదలైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలకు ఇవ్వవచ్చు.

పసుపు పంట ఉదాహరణ

ఈ నియమాలు అమలులో ఎట్లుండునో నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ ప్రాంతాన్ని తీసుకొని పరిశీలించవచ్చు. ఆర్మూరు, భీమ్‌గల్, బాల్కొండ ప్రాంతాలు పసుపు సాగుకు పేరొందినవి. తొలకరి వానలతో నాటిన పసుపును జనవరి మొదలుకొని తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డులో అమ్ముతారు.

పసుపు కొని నిల్వచేసిన ఒక వ్యాపారి వద్ద సంవత్సరాంతానికి 8,00,000 రూపాయల సరుకు, 1,50,000 రూపాయల నగదు, రావలసిన బాకీ 1,00,000 రూపాయలు ఉన్నవనుకొందాం. అతను ఇతరులకు 2,50,000 రూపాయలు చెల్లించవలసి ఉన్నచో నికర మొత్తం 8,00,000. దీనిపై జకాత్ 20,000 రూపాయలు. దుకాణం కట్టడం, కాటా, ఇతర పనిముట్లు లెక్కలోకి రావు, ఎందుకనగా అవి అమ్మకానికి ఉంచిన సరుకు కాదు.

రైతు విషయంలో లెక్క వేరు. ఉష్ర్ సంవత్సరం గడిచే వరకు ఆగదు, పంట చేతికి వచ్చినపుడే వర్తిస్తుంది. బోరుబావి నీటితో 20 క్వింటాళ్ళ పసుపు పండితే ఇరవయ్యవ వంతు, అనగా ఒక క్వింటాలు లేక దాని విలువ. అయితే పసుపుపై ఉష్ర్ ఉన్నదా అను విషయంలో ధర్మవేత్తలలో భేదాభిప్రాయం గలదు. ఇమాం అబూ హనీఫా ప్రకారం భూమి నుండి పండించిన పంటలన్నింటికీ ఇది వర్తిస్తుంది. షాఫయీ పండితుల ప్రకారం ధాన్యం, ఖర్జూరం వంటి ప్రధాన ఆహార పంటలకే పరిమితం. భారతదేశంలోని భూములు ఉష్ర్ పరిధిలోకి వస్తాయా అనే చర్చ కూడా ఉలేమాల మధ్య కొనసాగుచున్నది.

జకాత్‌ను వసూలైన చోటనే పంచుట మేలని హనఫీ పండితులు చెప్పుదురు. కాని వేరే ఊరిలో పేద బంధువులు గాని, మరింత అవసరంలో ఉన్నవారు గాని ఉంటే అచటికి పంపవచ్చు. గల్ఫ్ దేశాలలో పనిచేయువారు సొంత ఊరి పేదలకు జకాత్ పంపుటకు ఆధారం ఇదే.

హైదరాబాద్ సంస్థానం, ప్రపంచ ముస్లింలు

డమాస్కస్ నుండి మదీనాకు 1900లో మొదలై 1908లో చేరిన హిజాజ్ రైలు మార్గానికి భారత ముస్లింలు విరాళాలు పంపారు. బాల్కన్ యుద్ధాలలో గాయపడిన తుర్కీ సైనికుల సేవకు డాక్టర్ ఎం.ఏ. అన్సారీ 1912లో వైద్య బృందాన్ని తీసుకొని వెళ్ళారు. 1919లో ప్రారంభమైన ఖిలాఫత్ ఉద్యమం మహాత్మా గాంధీ మద్దతుతో హిందూ-ముస్లిం ఐక్యతకు వేదికైనది.

1924 మార్చి 3న తుర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దుచేసి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను దేశం నుండి పంపివేసినది. ప్రవాసంలో ఉన్న ఆయనకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌండ్ల భృతి ఏర్పాటు చేశాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో నిజాం పెద్దకుమారుడు ఆజం జాహ్‌కు ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్‌తోనూ, రెండవ కుమారుడు మొజ్జం జాహ్‌కు ఉస్మానియా రాజవంశానికి చెందిన నీలోఫర్‌తోనూ వివాహాలు జరిగినవి. తన పరిచారిక ప్రసవ సమయంలో మరణించుట నీలోఫర్‌ను కలచివేసినదని, దాని ఫలితంగానే తల్లీబిడ్డల ఆసుపత్రి రూపుదాల్చినదని చెబుతారు. 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి అన్ని మతాల పేదలకు సేవలందిస్తున్నది.

మక్కాలో నిజాంల కాలం నుండి 'రుబాత్' అను వసతి గృహాల ఏర్పాటు కలదు. పూర్వ హైదరాబాద్ సంస్థానం లోని తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల నుండి వెళ్ళు హజ్ యాత్రికులకు వీటిలో ఉచిత వసతి కల్పిస్తారు. కోరువారు ఎక్కువ, గదులు తక్కువ గనుక లాటరీ ద్వారా ఎంపిక జరుగుతుంది. సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమైననూ ఈ ఏర్పాటు నిలిచినది.

ఆదర్శం, వాస్తవం

ఉమ్మహ్ ఒకటే అయిననూ ఆచరణలో అనేక భేదాలు ఉన్నవి.

* వర్గాలు: సున్నీ, షియా భేదం ప్రవక్త వారసత్వ వివాదం నుండి పుట్టినది. తెలుగు ప్రాంతాల సున్నీలలో హనఫీలు అధికం. దేవ్‌బందీ, బరేల్వీ, అహ్లె హదీస్ ధోరణులు గలవు.
* సామాజిక అంతరాలు: సమానత్వం బోధింపబడిననూ సయ్యద్, షేక్, పఠాన్ వంశాలకు, దూదేకుల వంటి వృత్తి వర్గాలకు మధ్య అంతరాలు మిగిలి ఉన్నవి. వెనుకబాటుతనాన్ని గుర్తించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో బీసీ-ఇ క్రింద 4 శాతం రిజర్వేషన్ కల్పించినది.
* పండుగ తేదీ: నెలవంక దర్శనం దేశాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా సౌదీ అరేబియాలో ఈద్ ఒకరోజు ముందు వస్తుంది. కావున రియాద్‌లోని కొడుకు, భీమ్‌గల్‌లోని తల్లి ఒకే పండుగను వేర్వేరు రోజులలో జరుపుకొనుట సర్వసాధారణం.
* దేశాల రాజకీయాలు: 1969లో ఏర్పడిన ఇస్లామీయ సహకార సంస్థలో 57 సభ్యదేశాలు ఉన్నవి. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల దేశాలలో ఒకటైన భారత్ దీనిలో సభ్యదేశం కాదు. 1969 రబాత్ సమావేశానికి ఆహ్వానం అందిననూ పాకిస్తాన్ అభ్యంతరం వలన భారత బృందం పాల్గొనలేకపోయినది. 2019 మార్చిలో అబూధాబీ సమావేశంలో సుష్మా స్వరాజ్ గౌరవ అతిథిగా ప్రసంగించారు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష వలస కూలీల విషయంలో ఎదురవుతుంది. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుండి హిందువులు, ముస్లింలు వేల సంఖ్యలో గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వవలెనని ఇబ్నె మాజా సంకలనం లోని హదీసు. దీనికి భిన్నంగా, కార్మికుని నివాసాన్నీ ఉద్యోగాన్నీ ఒకే యజమానికి కట్టివేసే 'కఫాలా' విధానం వలన జీతం నిలిపివేసిననూ, పాస్‌పోర్టు దాచిననూ అతను మరొకచోటికి పోలేని పరిస్థితి ఏర్పడినది. యజమానీ కార్మికుడూ ఒకే వరుసలో నమాజు చేయువారైననూ ఈ అసమానత తొలగలేదు. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారుటకు వీలుకల్పించి, 2021 నుండి 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలుచేసినది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో మంజూరు చేసినది.

ఉమ్మహ్, ఇరుగుపొరుగు

ఉమ్మహ్ సోదరత్వం ఇతర మతస్థుల పట్ల బాధ్యతను తగ్గించదు. తన పొరుగువాడు ఆకలితో ఉండగా కడుపునిండా తినేవాడు నిజమైన విశ్వాసి కాదని బోధించు హదీసులో పొరుగువాని మతం ప్రస్తావన లేదు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగను హిందువులు, ముస్లింలు కలసి జరుపుట, దర్గాహ్‌లకు అందరూ వెళ్ళుట ఈ సహజీవనానికి ఉదాహరణలు. కొందరు ముస్లిం పండితులు ఈ ఆచారాలను ధర్మసమ్మతం కావని అందురు. అయిననూ ఇవి ఊరి ఉమ్మడి జీవితంలో భాగమై కొనసాగుచున్నవి.

ఇవీ చూడండి

* జకాత్
* వక్ఫ్
* హిజ్రత్
* ఖిలాఫత్ ఉద్యమం
* పీర్ల పండుగ
* దూదేకుల
* భీమ్‌గల్